ఇల్లు తేలికైతే నేల లేస్తుంది

గుంటూరు దాటి చిలకలూరిపేట, మార్టూరు మీదుగా ఒంగోలు వెళ్లే దారిలో మిల్లులనూ మేడలనూ వదిలేసి ప్రహరీ గోడలనే చూస్తూ వెళితే ఒక విచిత్రం కనిపిస్తుంది. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు గీత పడకుండా నిటారుగా నిలబడి ఉంటుంది. దాని చుట్టూ కట్టిన ఆరడుగుల ప్రహరీ మాత్రం ఒకచోట లేచి, ఒకచోట కుంగి, మధ్యమధ్య నిలువునా పగుళ్లు తీసి ఉంటుంది. ఒకే నేల, ఒకే మేస్త్రి, ఒకే సిమెంటు. మోసే బరువు తక్కువ గనక గోడే బాగుండాలి కదా అనిపిస్తుంది. ఈ నేల మీద ఆ లెక్క తిరగబడుతుంది. బరువు తక్కువ గనకే గోడ చెడింది.

ఇది నల్లరేగడి. పత్తికీ మిరపకీ ఏ గుణం వల్ల నచ్చిందో ఇంటికి సరిగ్గా ఆ గుణం వల్లే గిట్టదు: నీళ్లు దొరికితే పట్టుకుంటుంది, పట్టుకున్నప్పుడు ఉబ్బుతుంది, వదిలినప్పుడు ముడుచుకుంటుంది. మే నెలలో పత్తి కంప పీకేసిన చేలో నెర్రెలోకి కర్ర దింపితే మీటరుకు పైగా దిగిపోతుంది. తొలకరి పడ్డాక అదే నెర్రె ఎక్కడుందో ఆనవాలు దొరకదు.

ఈ ఉబ్బుడికి మూలం మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి ఖనిజం. దాని పొరలు ఒక్కొక్కటి సుమారు ఒక నానోమీటరు మందం, అంటే మీటరులో వందకోట్లో వంతు. పొరకూ పొరకూ మధ్య పట్టు బలహీనం కాబట్టి నీటి అణువులు సందులోకి దూరి వాటిని ఎడం చేస్తాయి. పొరలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాము ఖనిజం 800 చదరపు మీటర్ల దాకా వస్తుంది. పది గ్రాములకు దాదాపు రెండెకరాలు! ఇటుకల బట్టీకి పనికొచ్చే మామూలు మట్టిలో ఉండే కయొలినైట్‌కు గ్రాముకు పది, ఇరవై చదరపు మీటర్లకు మించదు. రేగడి ఎంత ఉబ్బుతుందో చూడటానికి ల్యాబులో చేసే పరీక్ష చాలా చవక. జల్లించిన పొడి మట్టి పది గ్రాములు నీళ్లున్న గాజు గొట్టంలో, మరో పది గ్రాములు కిరోసిన్ గొట్టంలో వేసి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. కిరోసిన్‌లో ఉన్న దానికంటే నీళ్లలో సగానికి మించి పెరిగితే భారత ప్రమాణాల సంస్థ వర్గీకరణ ప్రకారం అది అత్యధికంగా ఉబ్బే నేల.

ఉబ్బే మట్టిని కదలకుండా అదిమి ఉంచాలంటే ఎంత బరువు పెట్టాలి? ఆ బరువునే ఉబ్బు పీడనం అంటారు. నల్లరేగళ్లలో ఇది సాధారణంగా చదరపు మీటరుకు 5 టన్నుల నుంచి 30 టన్నుల దాకా ఉంటుంది. దీన్ని మన కట్టడాల బరువుతో పోల్చి చూద్దాం. తొమ్మిదంగుళాల మందం, ఆరడుగుల ఎత్తు ఉన్న ఇటుక ప్రహరీ, రెండడుగుల వెడల్పు పునాది మీద నిలిస్తే నేల మీద వేసే భారం చదరపు మీటరుకు టన్నున్నర. ఒక అంతస్తు డాబా ఇల్లయితే నాలుగు టన్నులు. నాలుగంతస్తుల అపార్ట్‌మెంటులో ఒక్కో స్తంభం కింద ఫుటింగు మోపే భారం పది, పదిహేను టన్నులు. దాని పునాది లోతుగా, తడి పెద్దగా మారని చోటికి దిగి ఉండటం కూడా కలిసొస్తుంది. పది టన్నుల ఉబ్బు పీడనమున్న నేల మీద ప్రహరీ ఎప్పుడూ ఓడుతుంది, డాబా చాలాసార్లు ఓడుతుంది, అపార్ట్‌మెంటు నెగ్గుకొస్తుంది. ఊళ్లో ఇల్లు పగిలితే ‘నేల బరువు ఆపలేదు’ అంటారు. ఇక్కడ చాలాసార్లు జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం.

ఈ గెలుపోటముల లెక్కనే ఇంజనీర్లు నేల–కట్టడం పరస్పర చర్య అంటారు. కాలేజీలో పాఠం వేరేగా నడుస్తుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు స్తంభాల అడుగున నేలను కదలని బండగా అనుకుని భారాలు తేలుస్తాడు. ఆ భారాలను మృత్తికా నిపుణుడికి ఇస్తే ఆయన కట్టడాన్ని మరిచిపోయి నేల ఎంత కుంగుతుందో చెబుతాడు. ఇద్దరి లెక్కలూ విడివిడిగా తప్పు కావు. కానీ నేల ఒకచోట కుంగగానే ఆ స్తంభం తన బరువులో కొంత పక్క స్తంభం మీదికి నెడుతుంది. పక్కది కుంగుతుంది, మళ్లీ పంచుకుంటాయి. రెండూ ఒకదాని జవాబు కోసం ఒకటి ఎదురుచూసే సమీకరణాలు. కలిపి సాధించక తప్పదు.

కలిపి సాధించే తొలి దారి 1867 నాటిది. ప్రాగ్‌లో పనిచేసిన ఎమిల్ వింక్లర్ రైలు పట్టాల కింద నేలను వరసగా నిలబెట్టిన స్ప్రింగులుగా ఊహించాడు. ఎంత నొక్కితే అంత దిగుతుంది, పక్క స్ప్రింగుకు ఆ సంగతే తెలియదు. ఎంత సులువో అంత అబద్ధం కూడా. నులక మంచం మీద మధ్యలో కూర్చుంటే పక్కనున్న తాళ్లూ కిందికి దిగుతాయి కదా, నిజమైన నేల అలాంటిది. 1885లో ఫ్రాన్సుకు చెందిన బుసినెస్క్ ఈ పక్క ప్రభావాన్ని పూర్తిగా లెక్కలోకి తెచ్చాడు, కానీ ఆయన నేల ఎంత లోతైనా ఎంత దూరమైనా ఒకే గుణం గల ఆదర్శ పదార్థం. రెండింటి మధ్య రాజీగా 1954లో పాస్తర్నాక్ స్ప్రింగుల నెత్తిన పక్కవాటిని కలిపే ఒక పొరను పెట్టాడు. ఐఐటీ కాన్పూర్‌లో, తర్వాత హైదరాబాద్ జేఎన్టీయూలో పనిచేసిన మాధిర మాధవ్ ఈ కోవ నమూనాలను బాగా ముందుకు తీసుకెళ్లారు. జియోసింథటిక్ బట్ట పరిచి, మీద గ్రావెల్ పోసిన పునాది ఎలా ప్రవర్తిస్తుందో చెప్పే నమూనాను 1988లో పూరూషాస్బ్‌తో కలిసి ప్రతిపాదించారు.

వింక్లర్ స్ప్రింగు అబద్ధమైనా నూట యాభై ఏళ్లుగా ఎందుకు బతికింది? ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. తొమ్మిదంగుళాల వెడల్పు, అడుగు లోతు ఉన్న ప్లింత్ బీమును నేల మీద పరిచామనుకుందాం. నేల స్ప్రింగు బలం ఘనపు మీటరుకు 2,000 టన్నులు, అంటే చదరపు మీటరు పలకను ఒక మిల్లీమీటరు దింపడానికి రెండు టన్నులు కావాలి. ఒకచోట మోపిన బరువును ఈ బీము ఎంత దూరం పంచగలదో చెప్పే కొలత సుమారు 1.8 మీటర్లు వస్తుంది. ఇప్పుడు నేల బలాన్ని మనం రెట్టింపు తప్పుగా కొలిచాం, అసలు 4,000 టన్నులు అనుకోండి. కొలత 1.5 మీటర్లకు తగ్గుతుంది, అంతే. వందశాతం తప్పు పదహారు శాతమైంది. సూత్రంలో నేల బలం నాలుగో ఘాత మూలంగా కూర్చోవడమే దీనికి కారణం. మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పునాది వేసిన టెర్జాగి 1955లో రాసిన వ్యాసంలో ఇదే ఎత్తి చూపాడు. మరోవైపు బీము లోతును రెట్టింపు చేస్తే కొలత మూడు మీటర్లకు పెరుగుతుంది. నేలను కొలవడంలో జరిగే తప్పును ఈ లెక్క మన్నిస్తుంది, బీము లోతులో చేసే పిసినారితనాన్ని మన్నించదు. ఇంటి యజమాని సాధారణంగా తగ్గించమని అడిగేది ఆ రెండోదే.

ఇంతవరకూ నేల తనపై బరువు పడితే దిగేదే తప్ప తానుగా కదిలేది కాదు. రేగడిలో స్ప్రింగు దానంతటదే పొడుగవుతుంది, పొట్టవుతుంది. ఎక్కడ ఎంత పొడుగవుతుందో నిర్ణయించేది తడి. ఆ తడి ఎక్కడ చేరాలో నిర్ణయించేది మళ్లీ ఇల్లే. నాకు ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ఆసక్తిగా తోచేది ఇక్కడే.

చేను ఖాళీగా ఉన్నన్నాళ్లూ పడిన వాన ఎండకు ఆవిరైపోయేది. దాని మీద గచ్చు వేసి ఇల్లు కట్టగానే ఆ మేరకు ఆవిరి ఆగిపోయింది. కింద నుంచి, పక్కల నుంచి పీల్చుకున్న తడి ఇంటి నడిమి భాగం కింద ఏళ్ల తరబడి మెల్లగా చేరుతుంది. నడుమ నేల ఉబ్బి గుమ్మటమవుతుంది. ఇంటి అంచులకు మాత్రం ఎండా వానా రెండూ తగులుతాయి, అక్కడి నేల ఏటా లేస్తుంది, ఏటా దిగుతుంది. అంచున వేపచెట్టు ఉంటే వేళ్లు మరింత పీలుస్తాయి. స్నానాల గది గొట్టం కారితే ఆ మూల ఒక్కటే లేస్తుంది. గోడ పగులును చదివి కూడా ఈ ఆకారాన్ని పోల్చుకోవచ్చు: పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ సన్నబడితే నడుమ లేచినట్టు, కింద వెడల్పుగా ఉంటే అంచులు లేచినట్టు. పాత ఇళ్ల చుట్టూ ఉండే వెడల్పాటి అరుగు చల్లగాలికి కూర్చోడానికే కట్టి ఉండొచ్చు. కానీ తడి మారే అంచును గోడకు దూరంగా జరిపి అది పునాదికీ మేలు చేసింది. ఇప్పుడు సెంటు స్థలం కూడా వదులుకోలేక గోడను హద్దు దాకా జరుపుతున్నాం.

సాగర్ నీళ్లు కూడా ఈ లెక్కలోనివే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కింద పల్నాడు నుంచి ఒంగోలు వైపు దాకా వర్షాధారపు రేగడి మాగాణి అవుతూ వచ్చింది. అప్పటిదాకా ఒక తడికి అలవాటుపడ్డ నేల మరో తడికి మారాలి. పైరు ఆ మార్పును ఒక్క సీజన్లోనే చూపిస్తుంది, పునాది కింద అదే మార్పు తేలడానికి ఏళ్లు పడుతుంది.

ఈ గుమ్మటాన్ని లెక్కకట్టే పద్ధతులు అమెరికా, ఆస్ట్రేలియా దేశాల్లో ముందు స్థిరపడ్డాయి. అక్కడా చిన్న ఇళ్లే ఎక్కువ పగులుతుండేవి. టెక్సస్‌లో రాబర్ట్ లిట్టన్ తదితరులు, ముందుగా నేల తానొక్కటే ఉంటే ఏ ఆకారంలో లేస్తుందో తేల్చి, ఆ దిబ్బ మీద కాంక్రీటు పలకను ఉంచి, పలక బరువుకూ బిగువుకూ దిబ్బ ఎంత అణుగుతుందో సాధించారు. ఆస్ట్రేలియా ప్రమాణం ఎ.ఎస్. 2870 ఇంకా సూటిగా స్థలాలకు తరగతులే కట్టింది. తడి మార్పుకు నేల పైభాగం 20 మిల్లీమీటర్ల లోపు కదిలితే ఒక తరగతి, 75 దాటితే చివరి తరగతి, తరగతిని బట్టి బీముల లోతు. మన దగ్గర ప్లాను ఆమోదానికి వెళ్లే చిన్న ఇంటి కాగితాల్లో ఇలాంటి అంకె ఒక్కటి ఉండి ఉంటే సగం గొడవలు తగ్గేవని నా అభిప్రాయం.

కంప్యూటరు వచ్చాక పద్ధతి మారింది. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో నేలనూ ఇంటినీ కలిపి వేల చిన్న ముక్కలుగా కోస్తారు. ఒక్కో ముక్కకు మూడు ప్రశ్నలు: నీరు ఎటు కదిలింది, దానివల్ల ముక్క ఎంత ఉబ్బింది, పక్క ముక్కలు దాన్ని ఎంత అడ్డుకున్నాయి. తడిసీ తడవని నేలలో నీరు లాగబడే బలాన్ని చూషణం అంటారు. నేల ఎండేకొద్దీ అది పెరుగుతుంది. చూషణాన్నీ బరువునూ కలిపి మట్టి ప్రవర్తనను చెప్పే నమూనాను 1990లో బార్సిలోనాకు చెందిన అలోన్సో, జెన్స్, జోసా ఇచ్చారు. ఉబ్బే మట్టికి దాన్ని తర్వాత విస్తరించారు. ఈ లెక్కలో పలక కింద నేల ఖాళీ అయితే అక్కడ తాకిడి తెగిపోవాలి. స్ప్రింగు పలకను కిందికి లాగడం మొదలుపెడితే ఆ లెక్క చెత్తబుట్టకే. కాబట్టి యంత్రం ఊహించి, సరిచూసి, మళ్లీ ఊహిస్తూ పోతుంది. ఇంత చేసినా చివరి అంకె దేని మీద ఆధారపడుతుందంటే ఇంటి చుట్టూ నీళ్లు ఎక్కడ నిలుస్తాయని మనం రాసిచ్చామో దాని మీద. ముక్కలు ఎంత సన్నగా కోసినా, కుళాయి గుంత ఏ మూలన ఉందో చెప్పకపోతే యంత్రానికి తెలియదు.

ఉబ్బు పీడనంలో ఒక మెలిక ఉంది. అది అసలు కదలనివ్వనప్పటి అంకె. మట్టిని కాస్త లేవనిస్తే పీడనం గబగబా పడిపోతుంది. విరుగుళ్లలో కొన్ని ఈ మెలికను వాడుకుంటాయి.

అందరికీ తెలిసినది అండర్ రీమ్డ్ పైలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థలో దినేష్ మోహన్ తదితరులు దీన్ని మన దేశపు పరిస్థితులకు తీర్చిదిద్దారు. ఐ.ఎస్. 2911 మూడో భాగం దీని కోసమే. ఆగర్‌తో సన్నటి గుంత తవ్వి, అడుగున రెండున్నర రెట్లు వెడల్పుగా ఉల్లిగడ్డ ఆకారంలో గుల్ల చేసి కాంక్రీటు పోస్తారు. రేగడిలో కనీసం మూడున్నర మీటర్లు దిగాలి, ఎందుకంటే తడి ఏటా మారే పొర పైపైనే ఉంటుంది. అడుగు మందం పైలు, పై రెండు మీటర్ల మట్టి ఉబ్బుతూ దాని ఒంటిని పట్టి చదరపు మీటరుకు మూడు టన్నుల ఘర్షణతో పైకి లాగుతోందనుకోండి. మొత్తం అయిదున్నర టన్నులు పైకి. అడుగున ఉల్లిగడ్డ కదలని మట్టిలో ఇరుక్కుని, మట్టి ఓ మాదిరి గట్టిదైతే, పదహారు టన్నుల దాకా ఆపుతుంది. నెగ్గింది. అయితే ఆ అయిదున్నర టన్నులు పైలు నడుమును సాగదీస్తున్నాయి గనక ఊచలు పైనుంచి అడుగుదాకా ఉండాలి. ఊచలు సగానికే ఆపితే పైలు మధ్యలో తెగుతుంది.

ఈ పద్ధతిలో అన్నిటికంటే చవకైన భాగం పైళ్లను కలిపే బీము కింద వదిలే ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ. అక్కడ నేల లేచినా బీముకు తగలదు. ఎక్కువగా చెడేదీ అదే. సెంట్రింగు చెక్కల ఖర్చు తగ్గించడానికి మట్టి మీదే బీము పోస్తారు, లేదా పూర్తయ్యాక బాగుండదని ఇసుకతో కూరేస్తారు. పైలు ఖర్చంతా పెట్టి, బీమును మళ్లీ నేలకు అప్పగించడం!

రెండో దారి రేగడి తీసేసి వేరే మట్టి నింపడం. గుంటూరు వైపు పునాది గోతిలో ఇసుక పోసి నీళ్లు కొట్టడం అలవాటు. ఇసుక ఉబ్బదు, నిజమే. కానీ నీళ్లను నిలవ ఉంచి కింది రేగడికి తీరిగ్గా అందిస్తుంది. ఐఐటీ బొంబాయికి చెందిన ఆర్.కె. కట్టి దీనికి బదులు ఉబ్బని, కానీ బంక ఉన్న గ్రావెల్ మట్టిని మీటరు మందం పరచాలన్నారు. రేగడి కాలువలకు కాంక్రీటు లైనింగు వేసేచోట ఈ పద్ధతి ప్రమాణంగా మారి ఐ.ఎస్. 9451లోకి ఎక్కింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన కె.ఎస్. సుబ్బారావు దీన్ని ప్రశ్నించారు. ఈ పొర మొదటి తడికి బాగా పనిచేస్తుంది గానీ తడిసి ఆరే చక్రాలు తిరిగేకొద్దీ ప్రభావం తగ్గుతుందని చూపించారు. ఏటా తడిసి ఏటా ఎండే మన నేలకు ఇది చిన్న అభ్యంతరం కాదు. కాకినాడ జేఎన్టీయూకు చెందిన ఎ. శ్రీరామారావు, బి.ఆర్. ఫణికుమార్ తదితరులు ఆ పొర స్థానంలో సున్నం కలిపిన ఫ్లైయాష్ పరిచి చూశారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద పక్కనే ఉన్న గుంటూరు ప్రాంతానికి అది అందుబాటు సరుకే. వీళ్లే మాధవ్‌తో కలిసి చేసిన మరో పని నాకు ఇంకా నచ్చింది: కంకర నింపిన గుంత అడుగున ఒక ఇనుప పలక, దాన్ని పై ఫుటింగుకు కలుపుతూ ఒక ఊచ. ఇల్లు లేవబోతే ఊచ లాగుతుంది, పలక మీది కంకర బరువు, దాని చుట్టూ మట్టి పట్టు కలిసి ఆపుతాయి. లేపాలని చూసే మట్టి పక్కలకు ఉబ్బి కంకరను నొక్కేకొద్దీ పట్టు పెరుగుతుంది.

ఇంతవరకూ కట్టడం బరువు మారదనుకున్నాం. అది మారే చోట ఏమవుతుందో చూడటానికి గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల గురించి ఒక మాట. ఫిబ్రవరి నుంచి మే దాకా కల్లాల్లో ఎండిన కాయ టిక్కీల్లో కూరి లోపలికి వెళుతుంది. బరువు నిండేది నేల బాగా ఎండిన రోజుల్లో. ధరను బట్టి సరుకు బయటికి వచ్చేది ఆ తర్వాత నెలల్లో, అంటే వానలు పడి నేల ఉబ్బే కాలంలో. నేల లేవాలని చూసే సమయానికే దాన్ని అదిమే బరువు తగ్గుతూ పోతుంది. పెద్ద కట్టడం నడుమ తడి పెద్దగా మారదు కాబట్టి గచ్చంతా కదలదు, అంచు వరసల దగ్గర ఈ రెండు చక్రాల ఎదురీత తేలుతుంది. డిజైనులో నిండు గోదామును ఒకసారి, ఖాళీ గోదామును ఒకసారి లెక్కిస్తారు గానీ, ఏది ఏ నెలలో అన్నది లెక్కలో అరుదుగా చేరుతుంది.

నేల కదలికకు తడి ఒక్కటే కారణం కాదు. సాగర్ నీళ్లు వదిలిన ఏడాదే, 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర సుమారు 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది.  మెత్తటి నేల మీద కట్టడం ఊగే వ్యవధి పెరుగుతుంది, అందువల్ల దానిపై పడే భూకంప బలం తగ్గుతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం భరోసా ఇచ్చాయి. 1995లో జపాన్ కోబె భూకంపంలో హాన్షిన్ ఎక్స్‌ప్రెస్‌వే 635 మీటర్ల మేర పక్కకు ఒరిగిపోయింది. మైలొనాకిస్, గజెటాస్ దాన్ని మళ్లీ లెక్కించి, అక్కడ నేల మెత్తదనం మేలుకు బదులు కీడే చేసి ఉంటుందని 2000లో చూపించారు. పెరిగిన వ్యవధి నేల తానుగా ఊగే వ్యవధికి దగ్గరైతే భరోసా శాపమవుతుంది.

కృష్ణ ఒడ్డున అమరావతిలో కథ పరిమాణం వేరు. సచివాలయ టవర్లకు 2018 చివర్లో భారీ రాఫ్టు (కట్టడం మొత్తానికి ఒకే పలక) పునాదులు పోశారు, 2019 తర్వాత పని ఆగింది. గోతుల్లో నీళ్లు నిలిచి పునాదులు ఏళ్ల తరబడి మునిగే ఉండిపోయాయి. 2024లో ఐఐటీ నిపుణులు వచ్చి వాటి పటుత్వాన్ని పరిశీలించారు. ఇలాంటిచోట కాంక్రీటు, ఊచల స్థితి ఒక ప్రశ్న అయితే, నీళ్లు తోడేశాక వచ్చేది మరో ప్రశ్న. రాఫ్టు మీద నీళ్లున్నంతసేపూ పైనా కిందా సమం. లోపలిది తోడి, చుట్టూ భూగర్భజలం అలాగే ఉంటే కింది నీరు పైకి తోస్తుంది, మీటరు లోతుకు చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున. రెండు మీటర్ల మందం ఉన్న రాఫ్టు అనుకోండి. దాని బరువు చదరపు మీటరుకు అయిదు టన్నులు. అడుగు కంటే ఎనిమిది మీటర్ల ఎత్తున జలమట్టం ఉంటే తోపు ఎనిమిది టన్నులు, మూడు టన్నులు తక్కువ పడింది. ఒక్కో ఒట్టి కాంక్రీటు అంతస్తు ముప్పావు టన్నుకు కాస్త పైగా తూగుతుంది. అంటే నాలుగో శ్లాబు పోసి అది గట్టిపడేదాకా పంపులు ఆపకూడదు, అవి ఆపే నెల కూడా నవంబరు కాకుండా మే అయితే మంచిది.